తెగిందా, తెంచారా

తేట మొదటిసారి మూగబోయింది ఒక బస్సు షెల్టరు దగ్గర.

విశాఖపట్నంలో యూనివర్సిటీ భాషా ప్రయోగశాల. బల్ల మీద తేట అనే చిన్న పెట్టె, దాని పక్కన రెండు టీవీలు. జనకేతనం చానెల్లో యాంకరు గొంతు చించుకుంటున్నాడు: "అధికార మదంతో పేదల బస్సు షెల్టరును కూల్చేసిన సర్కారు!" డమరుకం చానెల్లో అదే షెల్టరు, అదే ఇటుకల గుట్ట: "ఎట్టకేలకు కూలిన ప్రమాదకర షెల్టరు, ఊపిరి పీల్చుకున్న ప్రయాణికులు!" రెండింటినీ ఒకేసారి విని, రంగు దిగేదాకా వడగట్టి, మిగిలినదాన్ని తన గొంతుతో చదవడం తేట పని. అది 'మదం' తీసేసింది. 'ఎట్టకేలకు' తీసేసింది. పేదలూ పోయారు, ప్రయాణికుల ఊపిరీ పోయింది. చివరికి క్రియ దగ్గరికి వచ్చి ఆగిపోయింది.

"కూల్చారు అంటే ఒకళ్లకి కోపం, కూలింది అంటే ఇంకొకళ్లకి కోపం. ఏం చేద్దామంటారు?" అన్నారు ప్రొఫెసర్ భావనారాయణ గారు. తేట ఆయన కన్న కల. పది మందిని ఒక చోట కూర్చోబెట్టి కొట్టుకోకుండా వార్తలు వినిపించాలన్నది ఆయన పట్టుదల.

ఆయన దగ్గర పనిచేసే దమయంతి లేచి నిలబడింది. ప్రయోగశాలలో లేచి నిలబడి మాట్లాడేది ఆమె ఒక్కతే.

"కూలింది అందాం సార్. కూల్చినా చివరికి కూలినట్టే కదా. అంతవరకు ఇద్దరూ ఒప్పుకుంటారు."

"మా ఇంట్లో గాజు గ్లాసులన్నీ ఇలాగే పోయాయండీ" అన్నాడు పక్క కుర్చీలోంచి ఫిరోజ్. "అన్నీ పగిలిపోయినవే. పగలగొట్టినవాడు మా వంశంలోనే లేడు."

అందరూ నవ్వారు. దమయంతి కూడా నవ్వింది. భావనారాయణ గారు మాత్రం నవ్వలేదు. "అమ్మాయి చెప్పింది బంగారం లాంటి మాట" అన్నారు.

ఆ మాట ఆమె వ్యాకరణంలోంచి తీసింది కాదు. ఇంట్లోంచి తెచ్చుకున్నది. వాళ్ల నాన్న కూర్మన్న మండలాఫీసుకి వెళితే గుమాస్తా పారేసిన అర్జీని "పోయినట్టుందండి" అనేవాడు. హాస్టల్లో పప్పు మాడ్చింది వంటమనిషే అయినా వార్డెన్ అడిగితే "మాడింది మేడమ్" అనేది దమయంతి. ఎదుటివాడి మీదికి వేలు చూపించకుండా జరిగినదాన్ని చెప్పడం, ఆ ఇంట్లో మొదటి డిగ్రీ తెచ్చుకున్న పిల్లకి తెలిసిన మర్యాద.

ఆ వారమంతా కూర్చుని ఆమె క్రియలకు జోడీలు కట్టింది. కూల్చు ఉన్నచోట కూలు. కాల్చు ఉన్నచోట కాలు. ముంచుకి మునుగు, తెంచుకి తెగు. రెండు చానెళ్లకూ పొత్తు కుదరనప్పుడల్లా తేట రెండో మాట ఎత్తుకుంటుంది. 'చంపు' పక్కన 'చనిపోవు' అని పెట్టేటప్పుడు కూడా ఆమె చెయ్యి తడబడలేదు.

గొంతు కూడా ఆమెదే తీసుకున్నారు. "నీ గొంతులో ఏ ఊరూ వినపడదమ్మా. అదే మనకి కావాలి" అన్నారు భావనారాయణ గారు, మెచ్చుకోలుగానే. హాస్టల్లో చేరిన కొత్తలో "ఏటి", "సెప్పు" అన్నప్పుడల్లా క్లాసులో వెనక బెంచీలు ఎలా పగలబడి నవ్వేవో ఆమెకి గుర్తుంది. ఆ రెండు మాటల్నీ నోట్లోంచి పెరికేసుకోవడానికి చాలా కాలం పట్టింది. అంత కష్టపడి సంపాదించిన గొంతు ఇన్నాళ్లకి అక్కరకొచ్చిందనుకుంది.

* * *

ప్రయోగానికి కొన్ని ఊళ్లు కావలసి వస్తే దమయంతి తన ఊరు దిబ్బలపేట పేరు చెప్పింది. దానికి కారణం ఉంది.

కూర్మన్న, అతని తమ్ముడు జోగులు ఉండేది ఒకే ఇంట్లో, మధ్య గోడకి అటొకరు ఇటొకరు. గోడకి ఇటు జనకేతనం, అటు డమరుకం. కిందటి ఎన్నికలప్పుడు, ఆ ఊరి మొహం ఎన్నడూ చూడని ఒక నాయకుడు ఎక్కడో ఏదో అన్నాడనీ అనలేదనీ అన్నదమ్ములిద్దరూ కండువాలు దులుపుకుని విడిపోయారు. అప్పట్నించి మాటల్లేవు. పొద్దు వాలితే రెండు టీవీల గొంతులూ గోడకి రెండు వైపులా పోటీ పడేవి. మడికి నీళ్లు తిప్పుకోవలసి వచ్చినా కబురు ఆడవాళ్ల మీదుగానే నడిచేది. జోగులు భార్య అసిరమ్మ గుమ్మంలో నిలబడి, తోడికోడలితో గట్టిగా అనేది.

"అక్కా, మీ ఆయనకి సెప్పమంటన్నాడు మా ఆయన. రేపు నీలు మీ వొంతంట. మాట ఇద్దరికీ ఇనబడతన్నాది గానీ, నా నోటంట పోతే గానీ వొంటికి పట్టదట!"

టీవీ వార్తల బదులు తేట పెట్టెలు మోగడం మొదలయ్యాక మొదటి రెండు రోజులూ ఊళ్లో అందరికీ చప్పగా ఉంది. మూడో నాడు కూర్మన్న కనిపెట్టాడు.

"ఒరే, ఇది మా దమయంతి గొంతురా!"

ఆ మాట జోగులుని గోడ ఇవతలికి లాక్కొచ్చింది. అన్న అరుగు మీద కూర్చుని, చెవి పెట్టి విని, "అవున్రా అన్నియ్యా, మన పిల్లే" అన్నాడు. మళ్లీ నాలిక కరుచుకున్నాడు, మాట్లాడేశానే అని. కూర్మన్న వినబడనట్టు చుట్ట ఒకటి తీసి తమ్ముడి చేతిలో పెట్టాడు. అంతే, అయిపోయింది. ఆ రోజునించి సాయంత్రం వార్తలకి ఇద్దరూ ఒకే అరుగు. ఎవరు ఎవర్ని ఏమన్నారో తేట చెప్పదు కాబట్టి తిట్టుకోడానికి ఏమీ దొరికేది కాదు.

దమయంతి సెలవుకి వచ్చినప్పుడు అసిరమ్మ ఆమె గడ్డం పట్టుకుంది.

"మా తల్లే! నీ పెట్టె వొచ్చినకాడ నించి నా గొంతు కూడా ఇనబడతన్నాదే ఈ ఇంట్లో. ఓ మాటు నాతోటి సదివించరాదేటే వార్తలు? నాను సదివితే నాయకులంతా ఊరొదిలి పోతారు."

"అందుకే చదివించట్లేదు పిన్నీ" అంది దమయంతి. అసిరమ్మ నవ్వుకి గేదె కూడా తలెత్తి చూసింది.

* * *

ప్రయోగశాలలో లెక్కలు బాగా వచ్చాయి. ఒప్పుకున్న ఇళ్లలో వార్తలయ్యాక కాసేపు జరిగే మాటల్ని పెట్టె విని ఇక్కడికి పంపేది. తగువులు తగ్గాయి. తేటని ఇంటింటికీ ఇస్తామని ప్రభుత్వం వారన్నారు. మేమూ అడ్డు చెప్పమని ప్రతిపక్షం వారన్నారు. రెండు పక్షాలూ ఒకే మాట మీదికి రావడం చూసి భావనారాయణ గారికి కళ్లు చెమర్చాయి.

ఫిరోజ్ ఒక మధ్యాహ్నం దమయంతిని పిలిచి చెవులకి హెడ్‌ఫోను పెట్టాడు.

"ఇవి మొదట్లో రికార్డు చేసినవి, ఇవి ఇప్పటివి. విను. నాకేదో తేడాగా ఉంది."

ముందటి వాటిలో జనం "ఆడు తిన్నాడు, ఈడు అమ్మేశాడు, వాళ్లు ఆపేశారు" అని కేకలేస్తున్నారు. ఇప్పటి వాటిలో "కరెంటు పోయింది, రేషను ఆగింది, రోడ్డు ఆలస్యమైంది" అనుకుంటున్నారు. ఒక ఇంట్లో ఎవరో వచ్చి అడిగారు, "చెయ్యికి ఆ కట్టేంటమ్మా?" అని. "విరిగిందండి" అంది ఆ ఇల్లాలు. "ఎలా విరిగింది?" "విరిగిందండి." వెనక ఒక మగ గొంతు తాపీగా దగ్గింది.

దమయంతి హెడ్‌ఫోను తీసేసింది.

"గ్లాసుల మాట నేను నవ్వుతాలకి అన్నాను" అన్నాడు ఫిరోజ్. ఇప్పుడు అతను నవ్వడం లేదు. "రోజూ ఏది వింటే అదే నోటికొస్తుంది కదా. మనం చేసినవాణ్ణి తీసేస్తున్నాం. వాళ్లూ తీసేస్తున్నారు."

భావనారాయణ గారితో చెబితే ఆయన విసుక్కోలేదు. ఓపికగానే విన్నారు. "చెయ్యి ముందు కూడా విరిగే ఉంటుందమ్మా. ఆవిడ ముందు కూడా ఇలాగే చెప్పి ఉంటుంది. తేట రాకముందు ఆవిడ నిజం చెప్పేదని నీ దగ్గర ఆధారముందా?" అన్నారు.

లేదు. దమయంతి "లేదు సార్" అని వచ్చేసింది.

* * *

వానలు పట్టుకున్న వారంలో ఆమె క్యాంటీన్లో టీ తాగుతూ ఉంటే గోడ మీది తేట పెట్టెలోంచి తన గొంతు వినబడింది.

"దిబ్బలపేట వద్ద ఏటి గట్టు తెగింది. పల్లపు వీధిలోకి నీరు చేరింది. ఒక మహిళ చనిపోయారు."

తన గొంతులో ఏ తడీ లేదు. తనే నేర్పింది అలాగ.

ఇంటికి ఫోను చేస్తే నాన్న ఎత్తాడు. "పిన్ని పోనాదమ్మా" అన్నాడు. అసిరమ్మ గేదెల కట్టు విప్పడానికి సాలలోకి వెళ్లిందట. గేదెలు ఈదుకుంటూ వచ్చాయి. ఆమె రాలేదు.

దమయంతి ఊరు చేరేసరికి దహనం అయిపోయింది. ఇంటి గోడల మీద నడుమెత్తు వరకు బురద చార. జోగులు అరుగు మీద కూర్చుని, కడిగిన కాళ్లనే మళ్లీ కడుగుతున్నాడు. ఆమె పక్కన కూర్చుంది. అతనే మొదలుపెట్టాడు.

"పొద్దు కుంకే యేలకి మడి కాడున్నాను. గట్టు మీద పొక్లైను లైట్లేసుకుని ఉన్నాది. మట్టి ఎత్తుతున్నాది. గట్టు బలం సేస్తన్నారు గావాల అనుకున్నాను. ఇంటికొచ్చి అసిరితోటి కూడా సెప్పినాను, ఇంక బయం లేదే అని."

దమయంతి తిన్నగా అతని మొహంలోకి చూసింది. పొక్లైను మట్టి ఎత్తిన చోటే గండి పడింది. ఆ గండికి ఎగువన, అవతల ఒడ్డున రొయ్యల చెరువులున్నాయి. ఇవతల గట్టు తెగితే ఏటి మట్టం దిగి ఆ చెరువులు నిలబడతాయి. నిలబడ్డాయి కూడా. తను వచ్చేటప్పుడు బస్సులోంచి చూసింది.

"చిన్నాన్నా, అంటే గట్టు తెంచారన్నమాట."

జోగులు తల అడ్డంగా ఊపాడు.

"నేదమ్మా. తెగిపోనాది."

"నువ్వు కళ్లారా చూశావు కదా, పొక్లైన్ని?"

"సూసినాను. అయితే మటుకు? నువ్వే సెప్పినావు కదేటి, తెగిందని. అన్ని టీవీలూ ఇని సెప్పినావు. సదువుకున్నదానివి. నా కళ్లదేవుంది, సీకటి పడినాది."

గుమ్మంలో నిలబడి ఉన్న కూర్మన్న గబుక్కున లోపలికి వెళ్లిపోయాడు. ఆమె అది చూసింది కానీ, అప్పుడు దానికి అర్థం కట్టలేదు.

ఫోనులో డమరుకం పెట్టి చూసింది. "ప్రభుత్వానికి చెడ్డపేరు తేవాలన్న కుట్రతో గట్టు తెంచిన ప్రతిపక్ష మూకలు!" అంటున్నారు. జనకేతనం పెట్టింది. "సర్కారు నిర్లక్ష్యానికి తెగిన గట్టు!" కుట్ర అబద్ధం. కానీ తెంచారన్నది నిజం. తేట లేకపోయి ఉంటే జోగులు డమరుకమే చూసేవాడు. సగం అబద్ధంతో కలిపి అయినా సరే, కళ్లారా చూసిందాన్ని నమ్మి ఉండేవాడు.

ప్రొఫెసర్ గారికి ఫోను చేసింది.

"సార్, ఇక్కడ తెంచారు సార్. తేటలో మార్చాలి."

"చాలా విచారకరం, దమయంతీ. చూసినవాళ్లున్నారా?"

"మా చిన్నాన్న చూశాడు సార్."

"మరి ఆయన తెంచారంటున్నాడా?"

"తెగిందంటున్నాడు సార్." ఆమె గొంతు మొదటిసారి హెచ్చింది. "మనం అలా చెప్పాం కాబట్టి అలా అంటున్నాడు సార్!"

"చూసినవాడే తెగిందంటుంటే, మనం తెంచారని ఎలా అంటామమ్మా?" అన్నారాయన. ఆ గొంతులో మోసం లేదు. ఆయన నిజంగానే అడుగుతున్నారు.

* * *

విచారణకి ఆర్డీవో వచ్చాడు. నడివయసు మనిషి, ప్యాంటు బురదలో తడిసినా పట్టించుకోకుండా స్కూలు వరండాలో బెంచీ మీద కూర్చుని ఒక్కొక్కరినీ అడిగాడు.

"గట్టు ఎలా పోయిందయ్యా?"

"తెగినాది బాబూ."

"ఎవరైనా తెంచారా? ఏమైనా చూశారా?"

"తెగినాదండి."

ఊరంతా అదే మాట. అబద్ధమాడుతున్న వాళ్లు తడబడతారు. వీళ్లలో ఒక్కరూ తడబడలేదు. ఆర్డీవోకే విసుగొచ్చింది. "ఇంత పొత్తుగా ఉన్న ఊరిని నా సర్వీసులో చూళ్లేదు" అని పక్కనున్న గుమాస్తాతో అన్నాడు. ఆ పూట ఎవరూ తెంచారని అనకపోతే, గాలివానకి పోయిన గట్టుగా రాసుకుని వెళ్లిపోతాడు. అసిరమ్మ వానకి చనిపోయినట్టు.

జోగులు వంతు వచ్చింది. చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"నీ భార్యే కదా పోయింది? చెప్పు, గట్టు ఎలా పోయింది?"

"తెగిపోనాది బాబూ."

"చిన్నాన్నా" అని పిలిచింది దమయంతి, జనం వెనకనించి. జోగులు తల తిప్పలేదు. ఆ గొంతు రోజూ పెట్టెలోంచి వచ్చేదే. గట్టు తెగిందని చెప్పిన గొంతే.

ఆమె జనాన్ని తోసుకుని ముందుకొచ్చింది. పగలబడి నవ్విన వెనక బెంచీలు గుర్తొచ్చాయి. పోనీ అనుకుంది.

"సిన్నాన్నా! గట్టెవులు తెంచినారు? సెప్పు! పిన్నినెవులు ముంచేసినారు?"

జోగులు ఉలిక్కిపడి చూశాడు. చిన్నప్పుడు జామచెట్టు కింద నిలబడి "సిన్నాన్నా, నాకోటి కొయ్యి" అని అరిచిన గొంతు అది. పెట్టెలోది కాదు. అతని పెదాలు కదిలాయి. చాలాకాలం వాడని గొళ్లెం తీస్తున్నట్టు మాట కష్టంగా వచ్చింది.

"తెంచి... తెంచినారు. పొక్లైను తోటి తెంచినారు. నాను సూసినాను!"

"పొక్లైను దానంతటది రాదు కదయ్యా" అన్నాడు ఆర్డీవో, కలం పట్టుకుని ముందుకు వంగి. "ఎవరు తెచ్చారు? ఎక్కడ తవ్వాలో ఎవరు చూపించారు?"

"అది నాకు తెల్దు బాబూ. సీకట్లో మొకాలు కనబడనేదు."

జనంలోంచి కూర్మన్న లేచాడు. ఒకసారి కూతురికేసి చూశాడు. ఆమె చూపు తిప్పుకోలేదు. కండువా తీసి చేతిలో పట్టుకున్నాడు.

"రొయ్యల సెరువులాయన తెచ్చినాడు బాబూ. మా పార్టీ మనిషే. నీలు పొలాల్లోకి పోతాయి, ఊరికేటీ కాదు, పంటకి డబ్బులిప్పిస్తానన్నాడు. గట్టు ఎక్కడ మెత్తగా ఉన్నాదో..." ఆగాడు. "ఎక్కడ మెత్తగా ఉన్నాదో ఆళ్లకి తెలిసినాది అని సెప్పబోనాను. తెలియనేదు. నాను సూపించినాను."

జోగులు అన్నకేసి చూడలేదు. నేల చూపులు చూస్తూ వరండా దిగి, బురదలో నడుచుకుంటూ వెళ్లిపోయాడు.

* * *

కూర్మన్నని మర్నాడు స్టేషనుకి రమ్మన్నారు. ఆ సాయంత్రం ఇంట్లో ఎవరూ దీపం పెట్టలేదు. వార్తల వేళకి గోడకి అటూ ఇటూ పెట్టెలు రెండూ వాటంతటవే మోగాయి, రెండూ ఒకే గొంతుతో, దమయంతి గొంతుతో.

"దిబ్బలపేట వద్ద గట్టు తెగిన ఘటనపై విచారణ జరిగింది. పలు విషయాలు వెలుగులోకి వచ్చాయి."

దమయంతి లేచి ఇటువైపు తీగ పీకేసింది. అటువైపుది కూడా ఆగిపోయింది. జోగులే పీకేసి ఉంటాడు. కాసేపటికి అతను గుమ్మంలోకి వచ్చి నిలబడ్డాడు. లోపల మంచం మీద కూర్చున్న అన్న అతనికి కనబడుతూనే ఉన్నాడు. కబురు మోసే మనిషి ఇప్పుడు లేదు. జోగులు కళ్లు అసిరమ్మ కోసం ఒకసారి వెతికి, దమయంతి దగ్గర ఆగాయి.

"అమ్మా, మీ నాన్నకి ఓ మాట సెప్పు."

"సెప్పు సిన్నాన్నా."

"నా పెళ్లాం సచ్చిపోనేదు. సంపినాడు. అలాగే సెప్పు."

అతను వెళ్లిపోయాడు. గోడ అవతల గొళ్లెం పడిన చప్పుడు వినబడింది. కూర్మన్న ప్రతి మాటా విన్నాడు. అయినా కూతురికేసి చూస్తూ, చెప్పేదాకా కదలకుండా కూర్చున్నాడు.

దమయంతి మంచం దగ్గరికి వెళ్లింది. నాలిక చివర మెత్తటి మాట ఒకటి అలవాటుగా సిద్ధంగానే ఉంది. దాన్ని మింగేసింది.

"పిన్ని సచ్చిపోనేదంట నాన్నా. నువ్వు సంపినావంట."

కూర్మన్న తలూపాడు.

"ఆ మాటే అన్నాడా?"

"ఆ మాటే."

"నువ్వేటీ మార్సనేదు కదా?"

"నేదు నాన్నా."

"మంచిది" అన్నాడు కూర్మన్న. చేతిలో నలిగిన కండువాని మడతపెట్టి మంచం మీద పెట్టాడు. "ఆడు అడిగితే సెప్పు, అవునన్నానని."